కుర్చీల కాపలా

మంచు కొండలవైపు పోయే బుల్లెట్ రైల్లో రిజర్వేషన్ అక్కర్లేని పెట్టెలు కొన్ని ఉంటాయి. ఫిబ్రవరి సెలవుల్లో వాటిలో సీటు కావాలంటే ఎవరో ఒకరు తెల్లారకముందే టోక్యో స్టేషనుకు పోయి, ప్లాట్‌ఫాం మీద గీసిన గీత వెనక నిలబడాలి. ఇసొబే వారింట్లో ఆ ఎవరో ఒకరు పన్నెండేళ్ళుగా చిహారే. డబ్బు లేక కాదు. "చిహారు ఉండగా రిజర్వేషను దేనికి?" అంటుంది అత్తగారు త్సునెకో. కోడలికి కిరీటం పెట్టినట్టు అంటుంది. వినేవాళ్ళకు అది మెచ్చుకోలు. అదేమిటో నిలబడ్డ కాళ్ళకు తెలుస్తుంది.

ఆ శనివారం కూడా ఆమె గంటన్నర నిలబడి ఏడు సీట్లు పట్టింది. రైలు కదలడానికి పది నిమిషాల ముందు భర్త కజునరి, అత్తగారు, పదకొండేళ్ళ కూతురు మిఓ తీరిగ్గా వచ్చారు. టీ సీసాలు పట్టుకుని కిటికీల పక్కన సర్దుకున్నారు. మిగిలిన మూడు సీట్లు ఆడపడుచు రిత్సుకోకి, ఆమె ఇద్దరు కొడుకులకి. రిత్సుకో మొగుడు ఈ ప్రయాణానికి ఏనాడూ రాడు. మంచు తన ఒంటికి పడదంటాడు, తెలివైనవాడు. తల్లీకొడుకులు ఎక్కేది ఇక్కడ కాదు, ఇరవై అయిదు నిమిషాల తర్వాత ఒమియా స్టేషన్లో. అందాకా ఒక సీటు మీద సంచి, ఒక సీటు మీద కండువా, ఇంకో సీటు మీద చిహారు చెయ్యి.

ఉయెనోలో జనం తోసుకుంటూ ఎక్కారు. నడవా నిండిపోయింది. చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దావిడ కండువా ఉన్న సీటు దగ్గర ఆగింది.

"ఇక్కడెవరైనా ఉన్నారా అమ్మా?"

"ఉన్నారండీ... ఒమియాలో ఎక్కుతారు."

"ఒమియాలోనా!" పెద్దావిడ కండువాను చూసింది, చిహారును చూసింది. "అయితే అందాకా నేను కూర్చోనా? వాళ్ళు రాగానే లేచిపోతాలే."

చిహారు కండువా తియ్యబోయింది. కునుకు తీస్తున్న త్సునెకో కళ్ళు తెరవకుండానే అంది. "చిహారూ, ఆ కండువా జారిపోతోంది. సర్దు."

సర్దింది. పెట్టెలో అందరూ చూస్తుండగా సర్దింది. పెద్దావిడ రెండడుగులు ముందుకు వేసి, కర్ర మీద బరువు మోపి నిలబడింది. మనసులో తిట్టుకుని ఉంటే ఎవరిని తిట్టుకుంటుంది? కళ్ళు మూసుకున్న అత్తగారినైతే కాదు. సిగ్గుతోనూ కోపంతోనూ చిహారు చెవులు కాలిపోయాయి. ఒమియాలో రిత్సుకో ఎక్కి, "అబ్బ, ఏం జనమమ్మా!" అంటూ ఆ కండువా మీదే కూర్చుంది.

కాసేపయ్యాక చెత్త పడెయ్యడానికి చిహారు పెట్టె చివరకు వెళ్ళింది. చేతులు కడుక్కోవడానికి కజునరి అటే వచ్చాడు. ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. నలుగురిలో మొగుణ్ణి 'మీరు' అంటుంది, ఇద్దరే ఉన్నప్పుడు 'నువ్వు' అంటుంది. పెళ్ళికి ముందు నుంచి ఉన్న చనువు అది.

"కజూ, నాకొకటి కావాలి."

"చెప్పు."

"షిరకుబోలో పైలిఫ్ట్ రేపు మధ్యాహ్నం రెండింటికి ఆపేస్తున్నారు. ఈ ఏటికి కాదు, మొత్తానికే. అక్కడి క్యాంటీన్లో సాఎ ఫోన్ చేసి చెప్పింది. అది ఆగేలోపు మిఓని తీసుకెళ్ళి ఒక్కసారి పైనుంచి స్కీల మీద దిగాలి. ఒక్కటంటే ఒక్కసారి."

"అంతేనా? దీనికింత మొహం పెట్టాలా!" కజునరి నవ్వాడు. "రేపు పదకొండున్నరకల్లా నేనొచ్చి నీ బదులు టేబుల్ దగ్గర కూర్చుంటా. నువ్వూ మిఓ వెళ్ళండి."

"ఖాయమేనా?"

"ఒట్టు. మీ నాన్న మీద ఒట్టు, చాలా?"

"మా నాన్న పోయి ఆరేళ్ళయింది. బతికున్నవాళ్ళ మీద వెయ్యి."

"సరే తల్లీ, నా మీదే ఒట్టు."

కజునరి చెడ్డవాడు కాదు. ఈ మాట చెప్పక తప్పదు. చెడ్డవాడైతే ఈ సంగతి తేలడానికి పన్నెండేళ్ళు పట్టేది కాదు.

షిరకుబో చిహారు పుట్టిన ఊరు. ఇళ్ళు మొదటి అంతస్తు దాకా మంచులో మునిగే ఊరు. తండ్రి కుసామా ఆ కొండ మీద ముప్ఫై ఏళ్ళు పైలిఫ్ట్ నడిపాడు, తీగకు వేలాడే కుర్చీల్లో స్కీలవాళ్ళను కొండ నెత్తికి మోసే లిఫ్ట్ అది. కుర్చీ వచ్చి ఎక్కేవాళ్ళ మోకాళ్ళకు తగలకుండా చేత్తో పట్టి ఆపడం, పడ్డవాణ్ణి లేపడం, వెకిలి వేషాలు వేసేవాడి మీద అరవడం ఆయన పని. ఆయన అరుపు కింది వాలుదాకా వినిపించేది. ఆయన కూతురు నడక కంటే ముందు స్కీల మీద జారడం నేర్చింది. హైస్కూల్లో జిల్లా జట్టులో పోటీలకు వెళ్ళింది. ఇరవై రెండేళ్ళప్పుడు ఆ కొండ మీదే నేర్పే పంతులమ్మ. ఆ శీతాకాలం టోక్యో కాలేజీ కుర్రాళ్ళ గుంపొకటి వచ్చింది. అందులో ఒకడు నిమిషానికోసారి పడేవాడు. "మోకాళ్ళు వంచరా నాయనా! మంచుకు సాష్టాంగం పెట్టమని ఎవరు చెప్పారు?" అని వాడి మీద అరిచింది. వాడే కజునరి.

మరి అటువంటి మనిషి కొండ కింద కుర్చీలకు కాపలా ఎలా అయింది? ఎలా అవుతుంది, అందరూ అయినట్టే. పెళ్ళయిన మొదటి శీతాకాలం కడుపుతో ఉంది కాబట్టి కూర్చుంది. రెండో ఏడు ఒళ్ళో పాపాయి. మూడో ఏడు పాపకు జలుబు. నాలుగో ఏటికి కారణం అడిగేవాళ్ళే లేరు. మధ్యాహ్నం వేళ ఆ కొండ కింది క్యాంటీన్లో సీటు దొరకడం గగనం. కుర్చీ మీద గ్లోవ్స్ పెట్టి ఉంచితే, పక్కన మనిషి కాపలా ఉంటే, ఆ కుర్చీని ఎవరూ ముట్టుకోరు. ఆ మనిషి ఉన్నాక ఇసొబే వారు పన్నెండున్నరకు వచ్చినా, ఒంటిగంటకు వచ్చినా హీటర్ పక్క టేబులు వాళ్ళదే. పైగా ఒక మాట పుట్టింది ఇంట్లో. "చిహారుకి చలి పడదు, మోకాలు నొప్పి" అని. మూడు మీటర్ల మంచులో పుట్టినదానికి చలి పడదట! ఎవరు పుట్టించారో గానీ పాతుకుపోయింది. చిహారు ఖండించలేదు. ఖండిస్తే అత్తగారి ముందు గొప్పలు పోయినట్టవుతుందని, మొగుణ్ణి తక్కువ చేసినట్టవుతుందని మొహమాటం. ఆ మొహమాటాన్ని నాలుగు తన్నాలనిపిస్తుంది నాకు.

ఆదివారం పొద్దున్న తొమ్మిదికల్లా ఆమె అద్దె స్కీలు తెచ్చి క్యాంటీన్ గుమ్మం బయట స్టాండులో నిలబెట్టింది. బూట్లు కాళ్ళకు బిగించుకుని, ఆ బూట్లతోనే టేబుల్ దగ్గర కూర్చుంది. సంచులు, కోట్లు, అత్తగారి మందుల డబ్బా చుట్టూ పేర్చుకుంది. ఆమె తలకు సరిగ్గా పైన గోడ మీద ఒక కాగితం ఉంది. రద్దీ వేళల్లో కుర్చీలు పట్టి ఉంచవద్దని ప్రార్థన.

కౌంటరు వెనక కర్రీ గిన్నె కలుపుతున్న సాఎ గరిటె పట్టుకునే ఇవతలికి వచ్చింది. ఇద్దరూ ఒకటో క్లాసు నుంచి ఒకే బెంచీ.

"ఏమే, ఈ ఏడూ నువ్వేనా కాపలా?"

"ఊరుకోవే. పదకొండున్నరకి ఆయనొస్తాడు. నేనూ మిఓ పైకెళ్తాం. చూడు, బూట్లు కూడా వేసుకున్నా."

"బూట్లు వేసుకుని బల్ల కింద దాచుకున్నావా! మీ నాన్న చూస్తే లిఫ్ట్ ఆపి మరీ నవ్వేవాడు." సాఎ గరిటెతో గోడ మీది కాగితం చూపించింది. "అది ఎవరు రాశారనుకున్నావ్? నేనే. ఎవరిని చూసి రాశాననుకున్నావ్?"

"నన్ను చూసా?"

"కాక? చెప్తే నొచ్చుకుంటావని గోడకి చెప్పా. నువ్వేమో దాని కిందే కూర్చుంటావు."

చిహారు కాళ్ళు బల్ల కిందికి ఇంకాస్త లాక్కుంది. పదకొండున్నరయింది. కిటికీ అద్దంలోంచి కింది వాలు కనిపిస్తోంది. కజునరి ఎర్ర జాకెట్ కిందికి రావడం, మళ్ళీ లిఫ్ట్ ఎక్కడం కనిపించింది. పన్నెండయింది. ఎర్ర జాకెట్ మళ్ళీ పైకే పోయింది. ట్రేలు పట్టుకున్నవాళ్ళు టేబుల్ చుట్టూ తిరుగుతూ ఖాళీ కుర్చీల వంక, గ్లోవ్స్ వంక, ఆమె వంక చూస్తున్నారు. "వస్తారండీ, ఇప్పుడే వస్తారు" అని చెప్పింది. ఒకరికి చెప్పింది, ఇద్దరికి చెప్పింది, పదిమందికి చెప్పింది.

పన్నెండుంబావుకి అందరూ ఒకేసారి ఊడిపడ్డారు, బుగ్గలు ఎర్రగా, మంచు దులుపుకుంటూ.

"అబ్బ, ఏం మంచు! పిల్లలు వదిలితేనా!" అన్నాడు కజునరి.

"టైము చూశారా?" అంది చిహారు మెల్లగా.

"అయ్యో, అవును కదా. తినగానే వెళ్ళిపో. ఒట్టు."

ఏడుగురి ట్రేలూ ఆమే తెచ్చింది. అత్తగారికి నూడుల్స్‌లో ఉల్లికాడలు ఏరి పెట్టింది. తిన్నారు. నీళ్ళు తాగారు. రిత్సుకో కొడుకులు కజునరి చేతులు పట్టుకుని లాగారు. "మామయ్యా, ఒక్క రేసు! మిఓ మమ్మల్ని ఓడించింది, ఇంకో రేసు ఉండాల్సిందే!"

"ఇరవై నిమిషాలు" అన్నాడు కజునరి చిహారుతో, రెండు వేళ్ళు చూపిస్తూ. మిఓ కూడా వాళ్ళ వెనకే పరుగెత్తింది. త్సునెకో వాళ్ళ రేసు చూస్తానని శాలువా కప్పుకుని బయటికెళ్ళింది. రిత్సుకో మాత్రం ఫోన్‌లో ఫోటోలు చూసుకుంటూ కూర్చుండిపోయింది. అప్పటికి ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువ.

రిత్సుకో ఉన్నట్టుండి తలెత్తింది. "నువ్వు పైకెళ్ళాలన్నావట కదా చిహారూ. తమ్ముడు చెప్పాడు. వెళ్తావా? నేను కూర్చుంటాలే."

మా మంచు పల్లెల్లో ఒక మర్యాద ఉంది. ఎవరైనా ఏదైనా ఇస్తామంటే రెండుసార్లు వద్దనాలి. మూడోసారి అడిగితే తల వంచి పుచ్చుకోవాలి. అడిగేవాళ్ళకూ ఆ లెక్క తెలుసు, మూడుసార్లూ అడుగుతారు. టోక్యో వాళ్ళు అలా కాదు. మొదటి 'వద్దు' వినగానే ఇవ్వబోయింది జేబులో వేసుకుంటారు. పన్నెండేళ్ళు వాళ్ళ మధ్య బతికి కూడా చిహారుకు ఆ పాత మర్యాద నాలుక మీంచి పోలేదు.

"అబ్బే, ఫర్వాలేదు వదినా. నాకేం ఇబ్బంది లేదు."

"అవునా? సరే అయితే." రిత్సుకో ఫోన్ సంచిలో వేసుకుని లేచింది. "నేనూ ఒక రౌండు వేసొస్తా."

వెళ్ళిపోయింది. చిహారు నోరు తెరుచుకునే ఉంది. రెండోసారి అడుగుతుందని, మూడోసారి అడుగుతుందని ఆ నోరు వెర్రిగా ఎదురు చూసింది. తన చెంప తనే వాయించుకోవాలనిపించింది. చేతికందింది జారవిడుచుకున్నది తనే. నలభై ఏళ్ళొచ్చాయి, కావాల్సింది కావాలని అనడం రాలేదు. బూట్లలో కాళ్ళు తిమ్మిరెక్కాయి. గడియారం ఒంటిగంటన్నరకు దగ్గరపడింది. ఇరవై నిమిషాలట!

అప్పుడు వచ్చారు అందరూ. కజునరి ముందు, చేతులు జోడిస్తూ.

"తప్పయింది, తప్పయింది. చూడూ, అమ్మ అందరితో కలిసి కింది లిఫ్ట్ దగ్గర ఫోటో దిగాలంటోంది. ఐదంటే ఐదు నిమిషాలు. రాగానే..."

"ఎందుకురా దాన్ని ఆపడం?" అంది త్సునెకో. చాలా దయగా అంది. "ఏదో పైకెళ్ళాలని ముచ్చటపడుతోంది కదా, వెళ్ళనీ పాపం. మిఓ కూర్చుంటుంది. మగపిల్లలు ఒకచోట కుదురుగా ఉండరు. ఇదైతే బుద్ధిమంతురాలు. ఆడపిల్ల, ఎప్పటికైనా అలవాటు కావాల్సిందే కదా."

మిఓ అప్పటికే హెల్మెట్ తీసేసింది. అమ్మ పక్క కుర్చీలో కూర్చుంది. బల్ల మీది గ్లోవ్స్ తీసి ఒక్కో కుర్చీలో ఒక్కో జత, వేళ్ళన్నీ ఒకవైపు ఉండేలా, పొందిగ్గా పెట్టింది. తల కొంచెం పక్కకు వంచి, పెదవులు విడకుండా నవ్వింది.

"ఫర్వాలేదమ్మా. నాకేం ఇబ్బంది లేదు. నువ్వెళ్ళిరా."

చిహారు ఆ పిల్లను చూసింది. పొద్దున్నుంచి రేసుల్లో మగపిల్లలిద్దర్నీ ఓడించిన పిల్ల. ఇంకో రేసు, ఇంకో రేసు అని కాళ్ళు ఎగరేసిన పిల్ల. ఇప్పుడు ఆ కాళ్ళు దగ్గరికి పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఆ కూర్చోవడం ఎవరిది? ఆ నవ్వు ఎవరిది? ఎవరూ నేర్పలేదు. పదకొండేళ్ళు చూసి నేర్చుకుంది.

అంతవరకు చిహారుకున్నది తన కోపం. తన కోపాన్ని మింగడం ఆమెకు తెలుసు. ఇది మింగుడుపడేది కాదు.

"లే" అంది.

"అమ్మా?"

"లేవమంటున్నానా! హెల్మెట్ పెట్టుకో."

"చిహారూ, ఏమైంది?" అన్నాడు కజునరి.

"నిన్న ఒట్టేశావు. ఇవాళ ఇంకోటి వేశావు. నువ్వు వేసిన ఒట్లకి రెక్కలుంటే ఈపాటికి కొండ దాటి ఎగిరిపోయేవి."

నలుగురిలో 'నువ్వు' అంది. త్సునెకో కనుబొమలు పైకి లేచాయి. "చిహారూ, అందరూ చూస్తున్నారు."

"చూడనీండి అత్తయ్యా! పన్నెండేళ్ళుగా చూస్తూనే ఉన్నారు. ట్రేలు పట్టుకుని నిలబడ్డవాళ్ళకి 'వస్తారండీ, వస్తారండీ' అని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. నిన్న రైల్లో కర్ర పట్టుకున్న ముసలావిడని నిలబెట్టి కండువాని కూర్చోబెట్టాం. కండువాని! నాకు సిగ్గేసి చచ్చిపోయాను. నోరు విప్పకపోవడం నా తప్పు, కాదనను. నా తప్పుకి నేను కూర్చున్నా. ఇదేం తప్పు చేసిందని దీన్ని కూర్చోబెడుతున్నారు?"

"నేను అడిగాను కదమ్మా" అంది రిత్సుకో. "నువ్వే వద్దన్నావు."

"అన్నాను వదినా. ఒక్కసారి అడిగితే వద్దనే అంటాను. ఫోటోలో నేను బాగున్నానా అని పదిసార్లు అడుగుతావే, దీనికి ఇంకొక్కసారి అడిగితే నోరు అరిగిపోతుందా?"

"చిహారూ, ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం" అన్నాడు కజునరి గొంతు తగ్గించి.

"ఇంట్లో రెండింటికి లిఫ్ట్ ఆగదు కజూ. ఇక్కడ ఆగుతుంది."

ఆమె కుర్చీల్లోంచి గ్లోవ్స్ అన్నీ ఊడ్చి కజునరి చేతుల్లో పోసింది. అత్తగారి మందుల డబ్బా, కోట్లు, సంచులు అతని చుట్టూ నేల మీద పెట్టింది. ట్రేలతో నిలబడి ఇటే నోరు తెరుచుకుని చూస్తున్న ఒక కుటుంబం వైపు తిరిగింది.

"రండి. ఖాళీయే. కూర్చోండి."

"అబ్బే, ఫర్వాలేదండీ..." అన్నాడు ఆ ఇంటాయన బెదురుగా.

"కూర్చోండంటే!"

కూర్చున్నారు. నలుగురూ ఒకేసారి కూర్చున్నారు.

"మరి అమ్మ ఎక్కడ కూర్చుంటుంది?" అన్నాడు కజునరి.

"అది నువ్వు చూసుకో. ఒక్క పూట చూసుకో."

కౌంటరు వెనక నుంచి సాఎ గరిటెతో గిన్నె మీద టంగుమని కొట్టింది. "కొట్లాట రేపు పెట్టుకుందువు గానీ, పరుగెత్తవే! ఇరవై నిమిషాలే ఉంది!"

కింది లిఫ్ట్ ఎనిమిది నిమిషాలు పట్టింది. అది దిగాక అడ్డంగా మంచులో నెట్టుకుంటూ పైలిఫ్ట్ దగ్గరికి చేరేసరికి రెండింటికి నాలుగు నిమిషాలు తక్కువ. చెవుల దాకా టోపీ లాక్కున్న ముసలాయన ఒకడు దారికి అడ్డంగా తాడు కడుతున్నాడు.

"అయిపోయిందమ్మా. జనం లేరు, ఆపేస్తున్నా."

"రెండు కాలేదు!"

"కాలేదనుకో, నాలుగు నిమిషాలకి..."

"ఆ నాలుగు నిమిషాలు నావి! తాడు తియ్యండి మామా!"

ముసలాయన చెయ్యి ఆగింది. టోపీ పైకి జరిపి చూశాడు. "కుసామా గారి పిల్లవా? ఆ అరుపు వింటే ఆయనే లేచొచ్చాడనుకున్నా." తాడు విప్పి పక్కకు విసిరాడు. "ఎక్కండి, ఎక్కండి. మీ వెనక ఇంకెవరూ లేరు."

అవి ఒంటి కుర్చీలు. ఒక కుర్చీకి ఒకరే. మిఓ ముందు కుర్చీలో, చిహారు వెనక కుర్చీలో. చెట్ల మధ్య నుంచి కుర్చీలు కిర్రుమంటూ పైకి పోతున్నాయి. ముందు ఊగుతున్న చిన్న వీపును చూస్తుంటే చిహారు కళ్ళవెంట నీళ్ళు కారాయి. దుఃఖం కాదది. పన్నెండేళ్ళలో ఈ కుర్చీ ఎన్నిసార్లు ఖాళీగా పైకి పోయి ఖాళీగా దిగి ఉంటుందో, తండ్రి దీని పక్కన నిలబడి మనవరాలి కోసం ఎన్ని శీతాకాలాలు చూసి ఉంటాడో తలుచుకుని వచ్చిన కోపం. మిఓ పుట్టాక ఆయన ఇంకా ఐదేళ్ళు బతికాడు. కొండ కింద క్యాంటీన్ దాకా వచ్చి, పక్కన కూర్చుని టీ తాగి పైకి పోయేవాడు. పైకి రమ్మని ఎన్నడూ అడగలేదు. ఆయనదీ అదే మర్యాద.

పైన గాలి ఈడ్చి కొడుతోంది. కింద వాలు గోడలా దిగిపోయింది. మిఓ అంచు దాకా వచ్చి వెనక్కి జరిగింది.

"అమ్మా, నేనిక్కడే ఉంటా. నువ్వు దిగు."

"ఇక్కడుండి ఏం చేస్తావు? లిఫ్ట్ ఆగిపోతే ఇక ఇక్కడికి ఎవరూ రారు."

"భయమేస్తోంది."

"వెయ్యనీ. నాకూ వేస్తోంది, పన్నెండేళ్ళయింది. మోకాళ్ళు వంచు. నా జాడలోనే రా. పడితే లే. నేను ఆగుతా."

దిగింది. మొదటి రెండు మలుపులూ కాళ్ళు వినలేదు. మూడో మలుపు దగ్గర నడుముకు గుర్తొచ్చింది, నాలుగో దానికి ఒళ్ళంతటికీ గుర్తొచ్చింది. స్కీల అంచులు మంచును చెక్కుకుంటూ పోతున్నాయి. ఇంత సులువైన పనా ఇది, ఇంత సొంతమైన పనా, దీన్నా తను ఇన్నేళ్ళు అద్దంలోంచి చూసింది! ఆనందం కలగలేదని అనను. కలిగింది. కలిగినకొద్దీ కోపం పెరిగింది. కొండ సగంలో, పైన్ చెట్టు పక్కన ఆగి వెనక్కి చూసింది. మిఓ ఒకసారి పడింది, లేచింది, రొప్పుతూ వచ్చి పక్కన ఆగింది. గాగుల్స్ పైకెత్తి తల్లిని ఎగాదిగా చూసింది.

"నీకు మోకాలు నొప్పి కదా!"

"ఎవరన్నారు?"

"చలి పడదు కదా! అందుకే రావు కదా!"

"ఎవరన్నారు నీతో?"

"నాన్న. చిన్నప్పుడు అడిగితే చెప్పాడు."

ఇన్నేళ్ళూ ఆ మాట అత్తగారు పుట్టించిందనుకుంది చిహారు. కర్రలు మంచులో గుచ్చి తిరిగింది. మిగిలిన సగం కొండ ఆమె దిగిన తీరు చూసి కింద వాలులో ఉన్నవాళ్ళు ఆగిపోయారు. మిఓ ఈసారి పడలేదు, జాడ వదలలేదు. వాళ్ళ వెనక పైన ఎక్కడో లిఫ్ట్ చప్పుడు ఆగిపోయింది.

కింద ఇసొబే వారంతా నిలబడి ఉన్నారు. త్సునెకో శాలువా బిగించుకుని, ఎవరో ఇచ్చిన మడతకుర్చీలో కూర్చుని ఉంది. రిత్సుకో ఫోటో తియ్యడం మరిచిపోయి ఫోన్ పట్టుకు నిలబడింది. మగపిల్లలిద్దరూ "అత్తా! అత్తా! అదెలా చేశావు?" అని ఎగిరారు. కజునరి సంచుల మధ్య నిలబడి చప్పట్లు కొట్టాడు. ముఖం వెలిగిపోతోంది. గర్వపడుతున్నాడు, పాపం. నిజంగానే గర్వపడుతున్నాడు.

"చూశార్రా?" అన్నాడు మేనల్లుళ్ళతో. "ఏమనుకున్నారు మీ అత్తంటే? జిల్లా జట్టు! నాకు స్కీయింగ్ నేర్పిందెవరు మరి? తనే! ఈ కొండ మీదే!"

మిఓ స్కీలు విప్పడం ఆపి తలెత్తింది.

"నాన్నా, నీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటే! చెప్తున్నా కదా, నాకు నేర్పిందే మీ అమ్మ."

"అమ్మకి మోకాలు నొప్పి లేదని తెలుసా?"

కజునరి నవ్వు ముఖం మీదే ఆగింది. "అంటే... అది... ఊరికే అలా అనేవాళ్ళం..."

"తెలిసే కూర్చోబెట్టావా?"

మిఓ గట్టిగానే అడిగింది. మగపిల్లలు గెంతడం మానేశారు. త్సునెకో కొడుకు ముఖం వంక చూసింది, రిత్సుకో మంచు వంక చూసింది. కజునరి మాత్రం చిహారు వైపు తిరిగాడు, ఇటువంటప్పుడు ఎప్పుడూ తిరిగినట్టే. ఏదో ఒకటి అనేసి నన్ను గట్టెక్కించు అన్నట్టు చూశాడు.

చిహారు బూట్ల పట్టీ వదులు చేసుకుని నిలబడింది. కొండ దిగినా కోపం దిగలేదు.

"నన్నెందుకు చూస్తావు? అది నిన్ను అడుగుతోంది" అంది. "జవాబు చెప్పు."